బూడిద కందులు

సంత దిగిపోయే వేళకే శివపార్వతి బయల్దేరుతుంది. పొద్దున పోతే సరుకు నవనవలాడుతూ ఉంటుంది, ధరా అంత పొగరుగానే ఉంటుంది. పొద్దు వాలి, గంపలగూడెం బస్సు రెండోసారి హారన్ కొట్టాక అమ్మేవాళ్ళ మనసు మెత్తబడుతుంది. మళ్ళీ నెత్తిన పెట్టుకుని మోయడం కంటే ఎంతకో అంతకి వదిలించుకుంటే మేలనిపించే ఆ కాసింత సేపే ఆమెది. మరీ ఆలస్యమైతే కుళ్ళూ పుచ్చూ తప్ప మిగలవు. అమ్మే మనిషి గోనెపట్టా అంచు పట్టుకుని ఇక దులుపుదామనుకునే ముందు ఎదురుగా నిలబడాలి.

శ్రావణం మొదట్లో ఆ సాయంత్రం ముసురు పట్టింది. తిరువూరు సంతంతా బురద. శివపార్వతి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, చంకలో సంచీ అదిమిపెట్టుకుని వరసలన్నీ ఒకసారి తిరిగి వచ్చింది. మొదటి చుట్టులో ఏమీ కొనదు. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో, ఎవరు ఆకాశం వైపు చూస్తున్నారో, ఎవరి పక్కన పిల్ల నిద్రకి జోగుతోందో చూసుకుంటుంది. రెండో చుట్టులో బేరం మొదలుపెడుతుంది. కుప్ప వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు ఇప్పటికే సంచీలో పడ్డాయి. పప్పు సంగతే తేలలేదు. ఆ డెబ్భైనాలుగు ఎండాకాలం నుంచీ కందిపప్పు పేరెత్తితే కొట్టువాడు నవ్వుతున్నాడు.

ఆమె భర్త అంకారావు రైసుమిల్లులో ఇంజను చూస్తాడు. జీతం వారం వారం చేతికొస్తుంది. దాంట్లోనే అద్దె, కట్టెలు, కిరసనాయిలు, సంత. సంతలో ఎంత మిగిలితే అంత పిల్లాడి పాలకి. తట్టు పోసి లేచాక రెండేళ్ళ బుజ్జిగాడు సగమైపోయాడు. పక్కటెముకలు వేలితో లెక్కపెట్టవచ్చు. కాంపౌండరు సుందరరాజు వాడి కనురెప్ప లాగి చూసి, “మందుల్లేవమ్మా దీనికి. రెండు పూటలా పాలు పట్టు, వాడే లేస్తాడు” అన్నాడు. ఒక పూట పాలకే ప్రాణం పోతోంది. రెండో పూట పాలు ఈ సంతలోంచి రావాలి.

వరస చివర, వేపచెట్టు కింద ఒక మనిషి తల మీద గోనెసంచీ గుడిసెలా కప్పుకుని కూర్చుని ఉంది. ముందు పట్టా మీద కందులు. కుంచెడు పైన కాస్త, నాలుగైదు మానికలు ఉంటాయేమో. గింజలన్నిటికీ బూడిద రంగు పొడి పట్టి ఉంది.

“ఎట్లా ఇస్తున్నావమ్మా?”

“మానిక మూడు రూపాయలమ్మా. పొద్దుట్నుంచీ ఇదే మాట.”

“పొద్దుట్నుంచీ ఇదే మాట కాబట్టే ఇంకా ఇక్కడ ఉన్నావు.”

ఆ మనిషి నవ్వింది. ముప్పై దాటి ఉండవు గాని ముందు పన్ను ఊడింది. “బూడిద పట్టించి దాచిన గింజమ్మా. పుచ్చు ఒక్కటుంటే ఒట్టు. చెయ్యి పెట్టి చూసుకోండి.”

శివపార్వతి వంగి మణికట్టు దాకా చెయ్యి పెట్టింది. గింజ గట్టిగా, చల్లగా ఉంది. పిడికిలి తీసి అరచేతిలో దొర్లించింది. ఒక్కదానికీ చిల్లు లేదు. చెయ్యి మణికట్టు దాకా తెల్లగా అయింది. ముక్కు మండి గట్టిగా తుమ్మింది. పుట్టింట్లో కూడా పిడకల బూడిద జల్లించి కందులకు పట్టించి కుండల్లో పోసి మూతికి పేడ మెత్తేవాళ్ళు. అలా దాచిన గింజ మళ్ళీ పంట దాకా చెక్కుచెదరదు. దొరికితే ఇలాంటి గింజే దొరకాలి. ఆ సంతోషం మాత్రం ముఖంలో కనపడనివ్వలేదు.

“మానికకి గుప్పెడు బూడిదే ఉంటుంది. బూడిద వండుకుని తినమంటావా? రెండుకివ్వు.”

“అయ్యో, రెండంటే నేనూ మా పిల్లలూ మన్ను తినాలమ్మా.”

“సరే, ఉంచుకో.” శివపార్వతి లేచి కుచ్చిళ్ళు దులుపుకుని నడిచింది. వెనక్కి చూడకూడదు. వెనక్కి చూస్తే బేరం పోయినట్టే. అడుగులు మాత్రం చిన్నవిగా వేసింది.

“అమ్మా... అమ్మా! రండి. వాన ఎక్కువయ్యేట్టుంది. మొత్తం తీసుకుంటే ఇస్తాను.”

కొలిచేటప్పుడు ఆ మనిషి మానిక అంచు మీద అరచెయ్యి అడ్డంగా లాగి చదును చేయబోయింది. శివపార్వతి చెయ్యి చాచి అడ్డం పెట్టి, రెండు దోసిళ్ళు తీసి మానిక మీద గోపురంలా పోసింది.

“బాబోయ్, మీరు మహా గట్టోరమ్మా!”

“గట్టిగా లేకపోతే గడవదు.”

“మా ఇంట్లోనూ అదే మాట” అంటూ ఆ మనిషి ఖాళీ పట్టా మడుచుకుని, డబ్బు రొంటిన దోపుకుని లేచింది. “బాగుంటే మళ్ళీ చెప్పి పంపండి. చర్చి వెనక పేటలో జ్ఞానమణి అంటే ఎవరైనా చూపిస్తారు.”

ఇంటికి వస్తున్నంతసేపూ సంచీ బరువు శివపార్వతికి బరువనిపించలేదు. తిరగలిలో తానే విసిరి పప్పు చేసుకుంటే నెలకి పైగా వస్తుంది. రెండో పూట పాలు వచ్చేసినట్టే. పక్కవాటాలో పిల్లాణ్ణి చూస్తూ కూర్చున్న మాణిక్యమ్మకి సోలెడు కందులు కొలిచి ఇచ్చింది. ఇదివరకెప్పుడూ ఎవరికీ ఏమీ కొలిచి ఇచ్చిన మనిషి కాదు.

“ఏమే, సంతలో కొన్నావా, దోచుకొచ్చావా?” అంది మాణిక్యమ్మ.

“రెండూనమ్మా” అని నవ్వి, పాలగిన్నె తీసుకుని వీధిలోకి వచ్చింది.

పాలు సీతారావమ్మ ఇంట్లో పోయించుకుంటుంది. సీతారావమ్మ అంకారావుకి దూరపు మేనత్త. ఎ.కొండూరు రోడ్డు మీద ఇరవై ఎకరాల చేను, పెరట్లో రెండు పాడి గేదెలు. బయటి ధరలో సగానికే పాలు పోస్తుంది. అందుకు బదులు శివపార్వతి వారానికి ఒకరోజు వెళ్ళి చింతపండు గింజలు తీయడమో, మిరపకాయలు తొడిమెలు తుంచడమో చేస్తుంది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనుకోలేదు. 

“వచ్చేవారం నుంచి పొద్దున పూట కూడా పోయండత్తయ్యా” అంది ఆ సాయంత్రం.

సీతారావమ్మ చెంబు వంచుతూ ఆమె ముఖం కేసి చూసింది. “మా మేనల్లుడి జీతం పెంచారేంటే?”

“లేదండి. సంతలో కాస్త కలిసొచ్చింది.”

“సరే తీసుకెళ్ళు. మనవాళ్ళని పెట్టుకుని బయటవాళ్ళకి పోస్తామా ఏంటి” అని ఇంకో నాలుగు చుక్కలు వంచింది.

*

మర్నాడు ముసురు విడిచి ఎండ కాసింది. శివపార్వతి అరుగు మీద చాప పరిచి కందులు ఆరబోసింది. చేట నిండా తీసుకుని చెరుగుతుంటే పొడి పొగలా లేచి గొంతులో పట్టుకుంది. పమిట ముక్కుకు అడ్డం కట్టుకుంది. ఆ అరుగు మీద అన్నం మెతుకు పడితే చాలు, గోడ పగుల్లోంచి చీమల బారు వచ్చేస్తుంది. చాప చుట్టూ ఒక్క చీమ లేదు. వచ్చిన బారు కూడా చాపకి బెత్తెడు దూరంలో ఆగి, అటు తిరిగి గోడవారగా పోయింది. ఆమెకి ఇంకా సంతోషమేసింది. చీమైనా ముట్టని గింజ అనుకుంది.

బుజ్జిగాడు గడప దగ్గర కూర్చుని సన్నగా ఏడుస్తున్నాడు. జ్వరం పోయాక వాడికి ఆకలి మొదలైంది. ఏడుపంతా ఆకలిదే. పాలు సాయంత్రానికి గాని రావు. గుప్పెడు కందులు తీసి నీళ్ళు మార్చి మార్చి కడిగింది. మొదటి నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా వచ్చాయి. మూడో నీళ్ళు తేటపడ్డాయి. ఉప్పు వేసి మెత్తగా ఉడకబెట్టి, పిల్లాడి కోసం కాసిని వేళ్ళతో చిదిమి పళ్ళెంలో పెట్టింది. ఉడుకుతున్నప్పుడు ఏదో ముక్కిపోయిన వాసన వచ్చింది. తడికట్టెల వాసన అనుకుంది.

రెండో ముద్ద వాడి నోటికి అందిస్తుండగా అంకారావు మిల్లు నుంచి భోజనానికి వచ్చాడు. చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు.

“ఏం వండావు?”

“గుగ్గిళ్ళు. కాళ్ళు కడుక్కోండి, పెడతాను.”

అతను కాళ్ళు కడుక్కోలేదు. గిన్నె మీదికి వంగి చూసి, బయటికి వెళ్ళి చాప మీది కందులు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖంలో రంగు లేదు. “వాడికి పెట్టావా?”

“రెండు ముద్దలు...”

అంకారావు పిల్లాణ్ణి లాక్కుని బోర్లా వేసి నోట్లో వేలు పెట్టాడు. పిల్లాడు గుక్కపట్టాడు. “పురుగుల పొడే ఇది! గోడౌన్‌లో బస్తాల చుట్టూ చల్లుతాం. రోజూ పీల్చేవాణ్ణి, నాకు తెలియదా ఈ వాసన? ఎక్కడివే ఇవి?”

“బూడిదండీ... బూడిద పట్టించినవి...”

“ఏడ్చినట్టుంది బూడిద!”

శివపార్వతికి ఆ తర్వాత దారి గుర్తులేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. గుమ్మం దాటుతూ మాణిక్యమ్మ వాటా వైపు అరిచింది. “అమ్మా, ఆ కందులు వండొద్దు! వండితే పారబొయ్యి!” అవతల నుంచి ఏదో జవాబు వచ్చింది. ఆగి వినలేదు.

సుందరరాజు ఉప్పునీళ్ళు తాగించి కక్కించాడు. పిల్లాడి నోట్లోంచి చిదిమిన పప్పు, తొక్కలు, తర్వాత పసుప్పచ్చటి నీళ్ళు వచ్చాయి. నాడి చూశాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు. “కడిగి ఉడకబెట్టావా? అదే కాపాడింది. పొద్దుగూకే దాకా ఇక్కడే ఉండండి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే చెప్పండి.”

సుందరరాజు ఇంటి అరుగు మీద గోడకి ఆనుకుని ఆమె పిల్లాడి చేతులే చూస్తూ కూర్చుంది. వాడు నిద్రలో వేలు కదిపినా ఉలిక్కిపడింది. అంకారావు మిల్లుకి పోలేదు. వీధిలో అటూ ఇటూ తిరుగుతూ మధ్యమధ్య ఆగి, “చవగ్గా వచ్చిందని ఎగబడ్డావు” అన్నాడు. కాసేపాగి మళ్ళీ అదే అన్నాడు. ఆమెకి ముందు పన్ను ఊడిన ఆ నవ్వు కళ్ళ ముందు కదులుతోంది. పుచ్చు ఒక్కటుంటే ఒట్టు. ఎంత ధైర్యంగా ఒట్టేసింది! బూడిదట.

పొద్దుగూకింది. పిల్లాడు లేచి నీళ్ళడిగాడు, తాగి మళ్ళీ అడిగాడు. సుందరరాజు వాణ్ణి అరుగు మీద నిలబెట్టి నాలుగడుగులు నడిపించి చూసి, “తీసుకెళ్ళండి” అన్నాడు. 

*

పొద్దున్నే పిల్లాణ్ణి మాణిక్యమ్మకి అప్పజెప్పి, కందులన్నీ సంచీలోకి ఎత్తింది. మాణిక్యమ్మ వండలేదు. ఇచ్చిన సోలెడూ మూటకట్టి గుమ్మంలో పెట్టి, “తల్లీ, నీకు దణ్ణం. నాకింకెప్పుడూ ఏమీ ఇవ్వకే” అంది. నవ్వులాటకే అంది గాని ఆ మాట శివపార్వతిని చర్చి దాకా తరిమింది. దారి పొడుగునా తిట్లు కూడబెట్టుకుంది. వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అడగాలి. డబ్బు అణాపైసలతో కక్కించాలి.

జ్ఞానమణి వాకిట్లోనే ఉంది. పాక ముందు గోనె పరుచుకుని, కాళ్ళు చాపుకుని తిరగలి తిప్పుతోంది. తిరగలి అంచుల్లోంచి పప్పు, పొట్టు, తెల్లటి పొడి కలిసి రాలుతున్నాయి. పక్కన ఇద్దరు ఆడపిల్లలు రాలిన బద్దలు ఏరుకుని నోట్లో వేసుకుంటున్నారు.

తిట్లు మర్చిపోయింది శివపార్వతి. సంచీ కింద పడేసి, ముందుకు దూకి చిన్నపిల్ల చెయ్యి పట్టుకుంది. “ఉమ్మెయ్! ఉమ్మెయ్ ముందు!”

“ఏంటమ్మా, ఏమైంది?” జ్ఞానమణి తిరగలి వదిలి లేచింది.

“ఇది పురుగులమందు! బూడిద కాదు! నా కొడుకు చావుకి దగ్గరైవచ్చాడు నిన్న!”

జ్ఞానమణికి వెంటనే అర్థం కాలేదు. చేతులకంటిన పొడి చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పాకలోకి చూసింది. లోపల చీకట్లో నులకమంచం మీద ఒక మగమనిషి అటు తిరిగి ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

“రెండ్రోజుల్నుంచీ కక్కుతున్నాడు మా ఆయన” అంది మెల్లగా. “కళ్ళు తిరుగుతున్నాయంటే ఎండదెబ్బ అనుకున్నాం. అప్పుడు ఎండెక్కడుంది... ముసురు గదా. ఈ గింజల మీద అనుమానమే రాలేదమ్మా.” చీర చెంగు తీసి పిల్లల నోళ్ళు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తోంది. ఉన్నట్టుండి ఆగి తలెత్తింది. “మీ బాబు? బాబుకెట్లా ఉంది?”

“లేచాడు. బాగానే ఉన్నాడు.”

“ప్రభువా!” అని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

ఆ ఒక్క మాటకి శివపార్వతి అక్కడే తిరగలి పక్కన కూలబడింది. “ఎక్కడివి జ్ఞానమణీ ఇవి?”

“కూలికి కొలిచినవమ్మా. కలుపు తీసినందుకు రోజూ జొన్నలు కొలిచేవాళ్ళు. జొన్నలు అయిపోయాయి, కందులు తీసుకోండే, ఇంకా ఎక్కువ ధర పలుకుతాయి అన్నారు. బూడిద పట్టించి దాచినవేనన్నారు. మేమంతా ఎంత సంబరపడ్డామో! సగం అమ్మి జొన్నలు తెచ్చుకుందామని సంతకొచ్చా.”

“ఎవరు కొలిచారు?”

“సీతారావమ్మగారు.”

సంతలో మానిక మీద తను పోసిన రెండు దోసిళ్ళు గుర్తొచ్చి శివపార్వతి చేతులు ఒళ్ళో దాచుకుంది. విత్తనానికని మందు కలిపి ఉంటారు. తొలకరి విత్తగా మిగిలినవి. మరో ఏడాదికి మొలవవు, గేదెలకి పనికిరావు, కొట్టువాడు కొనడు.

“మీ డబ్బులు ఖర్చయిపోయాయమ్మా” అంది జ్ఞానమణి. “జొన్నలు కొన్నా. అవి ఉన్నాయి, కావాలంటే...”

“నోరు ముయ్యి. ముందు మీ ఆయన్ని సుందరరాజు దగ్గరికి తీసుకెళ్ళు. పిల్లల్ని కూడా. కందుల సంగతి చెప్పు.”

జ్ఞానమణి తలూపింది. పిల్లల్ని లోపలికి తోస్తూ వెనక్కి తిరిగింది. “ఇవాళ సాయంత్రం కూడా అవే కొలుస్తారమ్మా. మేరమ్మత్తకి, ఇంకా పదిమందికి. ఇంకో బస్తా ఉంది.” గొంతు తగ్గించింది. “మీరు వాళ్ళ చుట్టాలని తెలుసు, పాలకి వస్తే చూస్తుంటా. చెప్పగలిగితే మీరే చెప్పాలి. నా పేరు మాత్రం రానీకండి. కలుపు ఇంకా పది రోజులుంది. పిలవకపోతే మేం పస్తే.”

*

సాయంత్రం పాలగిన్నె ఒక చేత్తో, కందుల సంచీ ఒక చేత్తో పట్టుకుని శివపార్వతి సీతారావమ్మ పెరట్లోకి వెళ్ళింది. దారిలో రెండుసార్లు ఆగింది. పాలు ముందు పోయించుకుని తర్వాత మాట్లాడదామనుకుంది. నలుగురిలో కాదు, పక్కకి పిలిచి చెబుదామనుకుంది. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎక్కడో విన్నట్టు చెబుదామనుకుంది.

కలుపు కూలీలు గోడవారగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కాళ్ళకి చేలో బురద ఇంకా ఆరలేదు. మొగుణ్ణీ పిల్లల్నీ చూపించి మధ్యాహ్నం పనికి పోయినట్టుంది, జ్ఞానమణి చివర ఉంది. ఈమె కేసి చూడలేదు. జీతగాడు శౌరయ్య కొట్టంలోంచి బస్తా ఈడ్చుకొచ్చి మూతి విప్పుతున్నాడు.

సీతారావమ్మ పాలు పోసింది. గిన్నె నిండుగా పోసింది. శివపార్వతి దాన్ని అరుగు మీద జాగ్రత్తగా పెట్టి, దగ్గరికి జరిగి చెవిలో చెప్పినట్టు చెప్పింది.

“అత్తయ్యా, ఆ బస్తాలోవి విత్తనానికి మందు కలిపినవండి. నేను తెలియక సంతలో కొన్నాను. బుజ్జిగాడు తిన్నాడు. నిన్నంతా సుందరరాజు అరుగు మీదే ఉన్నాం.”

“అయ్యయ్యో!” సీతారావమ్మ చెయ్యి నోటికి పోయింది. అది నటన కాదు. “పిల్లాడికెట్లా ఉంది?”

“లేచాడండి.”

“నీకేం ఖర్మే సంతలో కొనడానికి? నాతో ఒక మాటంటే మన గరిసెలో తినడానికి దాచినవి ఇవ్వనూ?” శివపార్వతి భుజం మీద చెయ్యి వేసి పక్కకి నడిపించింది. “పోయేటప్పుడు కుంచెడు తీసుకెళ్ళు. డబ్బూ గిబ్బూ ఏమీ వద్దు. పొద్దున పాలు కూడా రేపట్నుంచే తీసుకెళ్ళు. ఈ సంగతి మాత్రం బయట అనకు.”

అలవాటు కొద్దీ శివపార్వతి మనసు లెక్క వేసింది. కుంచెడు కందులు ఊరికే. రెండు పూటలా పాలు. పండగ దాకా సంతలో పప్పు మాటే ఎత్తక్కర్లేదు. లెక్క ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు.

“మరి వాళ్ళకండీ?”

“వాళ్ళు కడుక్కుంటారులే.”

“నేనూ మూడుసార్లు కడిగానండి.”

“నీ కొడుకు జబ్బుపడి లేచినవాడు. వాళ్ళ ఒళ్ళు వేరే. ఎండకీ వానకీ కాయలు కాసిన ఒళ్ళు. వాళ్ళకేం కాదు.” గొంతు ఎత్తి, “శౌరయ్యా, చీకటి పడుతోంది, కానియ్!” అంది.

శౌరయ్య మానిక బస్తాలో ముంచాడు. మేరమ్మ అనే ముసలామె లేచి వచ్చి చెంగు చాపింది.

శివపార్వతి కాళ్ళు కదిలాయి. ఎటు పోతున్నాయో ఆమెకే తెలియలేదు. గేదెల దగ్గరికి పోయాయి. కుడితి తొట్టిలో చిట్టూ తవుడూ కలిపి ఉంది. పాలిచ్చిన గేదె మూతి ముంచి, ఎత్తి, ఈమె కేసి చూసి బుస్సుమంది. శివపార్వతి సంచీ మూతి విప్పింది. రెండు దోసిళ్ళ కందులు తీసి తొట్టి మీద పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి తెల్లటి పొడి రాలుతోంది. 

“అత్తయ్యా, ఇవి దీనికి వెయ్యనా? పాలు చిక్కబడతాయి గదా.”

“ఒసేయ్! ఆగవే!” సీతారావమ్మ కేక పెట్టి పరుగెత్తుకొచ్చింది. చెంబు కింద పడి దొర్లింది. “నీకు పిచ్చి గాని ఎక్కిందా! చచ్చిపోద్దే గొడ్డు!”

 చెంబు గోడకి కొట్టుకుని ఆగింది. గేదె మళ్ళీ మూతి ముంచి కుడితి జుర్రింది.

మేరమ్మ చాపిన చెంగు మెల్లగా వెనక్కి తీసుకుని నడుముకి చుట్టుకుంది.  వెళ్ళి తన చోట కూర్చుంది. శౌరయ్య నిండిన మానిక పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. కింద పోయాలో, తిరిగి బస్తాలో పోయాలో అతనికి తెలియలేదు. గోడవారన కూర్చున్నవాళ్ళలో ఎవరో, “గొడ్డు చచ్చిపోద్దంట” అన్నారు, పక్కవాళ్ళకి వినపడనట్టుగా. అందరికీ వినపడింది.

సీతారావమ్మ ముఖం కందగడ్డయింది. కూలీల కేసి చూడలేక బస్తా కేసి చూసింది. బస్తా కేసి చూడలేక శౌరయ్య కేసి చూసింది. 

“బొమ్మలా నిలబడతావేంరా? లోపల గరిసె తియ్యి. అందులోంచి కొలిచి పెట్టు.”

“మొన్న కొలిచినవండీ?” అంది మేరమ్మ కూర్చున్నచోటి నుంచే.

“...అవీ తీసుకొచ్చి ఇచ్చి మార్చుకు పొండి. నేను కాదన్నానా?”

శౌరయ్య బస్తా మూతి బిగించి కట్టి లోపలికి పోయాడు. శివపార్వతి దోసిట్లో కందులు తిరిగి సంచీలో పోసుకుని, చేతులు మట్టితో రుద్ది, గోలెం పక్కన నీళ్ళతో కడుక్కుంది. అరుగు దగ్గరికి వచ్చి పాలగిన్నె అందుకోబోయింది.

“ఆ గిన్నె ఇటివ్వు.”

ఇచ్చింది. సీతారావమ్మ పాలన్నీ తిరిగి బిందెలోకి వంచింది. చివరి చుక్క దాకా వంచి, ఖాళీ గిన్నె అరుగు మీద బోర్లించింది.

“చుట్టరికం చూసి చేరదీస్తే కూలివాళ్ళ ముందు పరువు తీశావు. రేపట్నుంచి నీ పాలు నువ్వు చూసుకో.”

శివపార్వతి గిన్నె తీసుకుంది. కూలీల ముందు నుంచే వెళ్ళాలి.  జ్ఞానమణి తల వంచుకుని కాలి బురద గిల్లుకుంటోంది. తల వంచుకునే, దారికి అడ్డంగా చాపి ఉన్న కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. ఆమె పక్కనామె ముడుచుకుంది. ఆ పక్కనామె కూడా.

ఇంటికి వచ్చేసరికి అంకారావు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బుజ్జిగాడు గిన్నె చూసి చేతులు చాపాడు. లోపల ఏమీ లేదని చూసి ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె గడప మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు, కుంచెడు కందులు ఇస్తానన్నదీ, తను లెక్క వేసుకున్నదీ కూడా. చెబుతున్నంతసేపూ అతను అరిచే అరుపు కోసం ఎదురుచూసింది.

అంకారావు అరవలేదు. వీధిలోకి చూస్తూ పిల్లాడి వీపు నిమిరాడు.

“ఆవిడతో మనకి అవసరాలున్నాయి” అన్నాడు.

“ఉన్నాయండి.”

“ముందు నాతో ఒక మాటనాల్సింది.”

“అంటే మీరు వద్దనేవాళ్ళు.”

 పిల్లాడి ఏడుపు ఎక్కువైంది. వాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. గడప పక్కన ఉన్న గిన్నె వంగి తీసుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి చేత్తో గిన్నె పట్టుకుని వీధిలోకి నడవడం ఆమె చూడలేదు. ఎలా పట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి చెవి పట్టుకుని, మళ్ళీ అడుగున చెయ్యి వేసి పట్టుకున్నాడు.

“ఎవరి దగ్గర దొరుకుతాయి ఈ వేళప్పుడు?”

“వీరరాఘవయ్య హోటలు వెనక పోస్తారంట. నీళ్ళు కలుపుతాడు, ఎదురుగా పిండించుకోండి.”

“సోలెడు ఎంతంటాడు?”

ఆమె బయటి ధర చెప్పింది.

అంకారావు మెట్టు దిగబోయినవాడు ఆగి, వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు.

“అంత ధరా?” అన్నాడు.